క్రైస్తవ ఫాంటసీ రచయితల గ్రూపులో చేరాలా వద్దా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి

ఆవగింజ:

అందరికీ వందనాలు. మాది గుంటూరు, లూథరన్ కుటుంబం. పెళ్ళయ్యాక డాలస్ వచ్చి తొమ్మిదేళ్ళయింది. మూడేళ్ళుగా పిల్లలు పడుకున్నాక ఇంగ్లీషులో ఒక ఫాంటసీ నవల రాస్తున్నాను, ఇప్పటికి 64 వేల పదాలు అయ్యాయి. సముద్రం వెనక్కి వెళ్ళిపోయిన ఒక తీరం, అక్కడ ఉప్పు మడుల మధ్య బతుకుతున్న మనుషులు, తిరిగొస్తానని మాటిచ్చి వెళ్ళిన ఒక పడవవాడు, ఇదీ కథ. చినగంజాంలో మా అమ్మమ్మ వాళ్ళ ఊరి వైపు ఉప్పు మడులు చూస్తూ పెరిగాను, అదంతా ఇందులోకి వచ్చేసింది. దేవుడి పేరు ఎక్కడా లేదు, కానీ ఆ పడవవాడు ఎవరో నాకు తెలుసు.

ఇక్కడి లైబ్రరీలో సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రాసేవాళ్ళ గ్రూపు ఒకటి ఉంటే నాలుగు నెలలు వెళ్ళాను. మంచివాళ్ళే, మర్యాదగానే మాట్లాడతారు. కానీ ముసలావిడ రాత్రంతా ఒడ్డున మోకాళ్ళ మీద ఉండే సీను చదివి, ఇది తీసేస్తే కథ బాగుంటుంది అని ఇద్దరు అన్నారు. ఎందుకు బాగుంటుందో చెప్పలేదు. ఆ సీను నిజంగా బాగా రాయలేదా, లేక ప్రార్థన ఉన్నందుకు వాళ్ళకి ఇబ్బందిగా ఉందా, నాకు ఇప్పటికీ తెలియదు. ఇక మా తెలుగు చర్చిలో ఒక ఆంటీకి ఎంతో ఇష్టంగా ఈ కథ సంగతి చెబితే ఆవిడ "సత్యమునకు చెవినియ్యక కల్పనాకథలవైపునకు తిరుగుకాలము వచ్చును" అని వాక్యం చెప్పారు. కోపంతో చెప్పలేదు, నా మీద ప్రేమతోనే చెప్పారు, అందుకే ఎక్కువ బాధేసింది. రెండు వారాలు లాప్‌టాప్ తెరవలేదు.

ఇప్పుడు ఒక స్నేహితురాలు క్రైస్తవ సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచయితల గ్రూపు గురించి చెప్పింది. పదకొండు మంది, దాదాపు అందరూ అమెరికన్లే. రెండు వారాలకోసారి వీడియో కాల్‌లో కలుస్తారు. చేరాలంటే పది పేజీల శాంపిల్ పంపాలి, వాళ్ళ విశ్వాస ప్రకటన మీద సంతకం పెట్టాలి, నా చాప్టర్ ఒకటి వాళ్ళు చదివితే నేను వాళ్ళవి రెండు చదవాలి. ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, టైమ్ సరిపోతుందా అని టెన్షన్. కథ ఎవరైనా ఎత్తుకుపోతే? ఉప్పు మడులు, తాటాకు పాకలు, ఇవన్నీ వాళ్ళకి అర్థమవుతాయా? అన్నిటికంటే ముందు, అసలు నేను చేస్తున్నది సరైన పనేనా? ఇలాంటి గ్రూపుల్లో ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే ఉన్నదున్నట్టు చెప్పండి.

చుక్కల_దారి:

వందనాలండీ. నేను ఇలాంటి గ్రూపులోనే ఐదేళ్ళుగా ఉన్నాను (ఒహాయోలో ఉంటాను, నాది అంతరిక్ష నౌకలో తరాల తరబడి ప్రయాణం చేసే జనం కథ). చేరమనే చెప్తాను, అయితే కొన్ని తెలుసుకుని చేరండి.

టైమ్ సంగతి మొదట. మూడు వేల పదాల చాప్టర్ శ్రద్ధగా చదివి మన అభిప్రాయం రాయడానికి నాకు గంటన్నర పడుతుంది, అంటే రెండింటికి మూడు గంటలు, రెండు వారాల్లో. రైలు ప్రయాణంలోనో, పిల్లల ఈత క్లాసు బయట కూర్చునో అయిపోతుంది. పైగా నేను రాయడం నేర్చుకున్నది నా చాప్టర్ మీద వాళ్ళు చెప్పిన మాటల నుంచి కాదు, వాళ్ళ చాప్టర్ల నుంచి. వేరేవాళ్ళ కథలో ఎక్కడ విసుగొచ్చిందో, ఎందుకొచ్చిందో కాగితం మీద పెట్టాల్సి వచ్చినప్పుడు అదే తప్పు మన దాంట్లో కూడా కనబడటం మొదలవుతుంది. మొదటి మూడు నెలలు నాది ఏదీ పంపకుండా వాళ్ళవే చదివాను, ఆ తర్వాత నా మొదటి ఆరు చాప్టర్లు నేనే తిరగరాశాను, ఎవరూ చెప్పకుండానే.

దొంగతనం గురించి భయపడకండి. అమెరికాలో మీరు రాసి సేవ్ చేసిన క్షణం నుంచే ఆ రాతకి కాపీరైట్ ఉంటుంది. ఐడియాకి ఉండదు, నిజమే, కానీ పడవవాడు తిరిగొస్తాడన్న ఐడియా తీసుకుని ఇంకొకరు రాస్తే అది వేరే పుస్తకం అవుతుంది. చినగంజాం ఉప్పు మడులు మీ దగ్గర తప్ప ఎవరి దగ్గరా లేవు.

విశ్వాస ప్రకటన మాత్రం సంతకం పెట్టే ముందు పూర్తిగా చదవండి. కొన్ని గ్రూపుల్లో అపొస్తలుల విశ్వాస ప్రమాణమో, నైసీయ విశ్వాస ప్రమాణమో ఉంటుంది, దానితో మనకి ఇబ్బందే లేదు, ప్రతి ఆదివారం చెప్పుకునేదే. కొన్ని చోట్ల బాప్తిస్మం, సృష్టి ఎన్ని రోజుల్లో జరిగింది, అంత్యదినాలు, అన్నిటి మీదా ఒకే అభిప్రాయం ఉండాలంటారు. రోమన్ కేథలిక్కులను తీసుకుంటారా అని అడగండి. లార్డ్ ఆఫ్ ద రింగ్స్ రాసిన టోల్కీన్ కేథలిక్, ఆయనకి తలుపు తీయని ఫాంటసీ రచయితల గ్రూపులో చేరాలా అన్నది మీరే ఆలోచించండి.

ఇంకొకటి. ఇలాంటి గ్రూపుల్లో నేను చూసిన జబ్బు అతి మంచితనం. ఎవరైనా "ఈ చాప్టర్ ప్రభువు నాకిచ్చాడు" అని పంపితే ఇక దాని మీద ఎవరూ నోరు విప్పరు. మా గ్రూపులో ఒక పెద్దాయన దీనికి ఒక పద్ధతి పెట్టారు, కథ ఎక్కడినుంచి వచ్చిందో చెప్పకూడదు, పేజీ మీద ఉన్నదాని గురించే మాట్లాడాలి. ఆ నియమం పెట్టిన రోజు నుంచే గ్రూపు బాగుపడింది. మీరు చేరబోయే చోట చాప్టర్ విసుగ్గా ఉందని ఎవరైనా ధైర్యంగా అనగలరా? ఒక కాల్‌లో ఊరికే కూర్చుని వినడానికి ఒప్పుకుంటారేమో అడగండి.

పాత_బైండు:

అమ్మా, ఆ వాక్యం గురించి నాలుగు మాటలు. మా నాన్నగారు పాస్టరు, నేను ముప్ఫై ఏళ్ళు సండే స్కూల్ చెప్పాను.

2 తిమోతి 4లో ఆ మాటకి ముందు వాక్యం చదవండి. హితబోధ సహించలేక, దురద చెవులతో, తమకి నచ్చిన బోధకులను పోగుచేసుకునేవాళ్ళ గురించి పౌలు రాస్తున్నాడు. అక్కడ తప్పు బోధ గురించి మాట. కల్పించినదాన్ని సత్యమని బోధిస్తే అది ఆ వాక్యం కిందికి వస్తుంది, ఇది కథ అని చెప్పి కథ చెబితే రాదు. న్యాయాధిపతులు 9లో యోతాము కొండ మీద నిలబడి చెట్లన్నీ కలిసి రాజుని ఎన్నుకున్న కథ చెప్తాడు, ఒలీవ చెట్టు, అంజూరపు చెట్టు, ద్రాక్షావల్లి, ముళ్ళపొద, అన్నీ మాట్లాడతాయి. నాతాను ప్రవక్త దావీదు రాజు దగ్గరికి వెళ్ళి పాపం ఒప్పుకోమని నేరుగా అనలేదు, బీదవాడి గొర్రెపిల్ల కథ చెప్పాడు, రాజుకి కోపం వచ్చేదాకా చెప్పాడు. ఇక మన ప్రభువు కథలు చెప్పకుండా మాట్లాడిన రోజు ఎంత తక్కువో మీకు తెలుసు.

ఆంటీగారి ఇంట్లో బైబిలు పక్కన యాత్రికుని ప్రయాణం తప్పకుండా ఉండి ఉంటుంది. అది 1678లో వచ్చింది. కల, రాక్షసుడు, కోట, నది, అన్నీ ఉన్నాయి అందులో. దాని ముందుమాట చదవండి, దాన్ని రాసిన జాన్ బన్యన్ అచ్చుకి ముందు రాతప్రతి పదిమందికి చూపిస్తే, జాన్ అచ్చు వేయించు అని కొందరు, వద్దు అని కొందరు అన్నారట. ఉపమానాలతో, కల్పనతో రాయడం తగునా అన్న ప్రశ్నకి ఆయన అక్కడే పద్యాల్లో జవాబు చెప్పుకున్నాడు. మీ ప్రశ్న ఆయనకీ ఎదురైంది.

అయితే ఆంటీగారి భయాన్ని పూర్తిగా కొట్టిపారేయకండి. ద్వితీయోపదేశకాండం 18లో సోదె, శకునం, చిల్లంగి గురించి ఉన్నది మన ఊళ్ళలో పెరిగినవాళ్ళకి పుస్తకంలో మాట కాదు, పక్కింట్లో చూసినదే. చేతబడి పేరు చెప్పి మనుషుల్ని కొట్టి చంపిన ఊళ్ళున్న చోటు మనది. అమెరికా వాళ్ళు మంత్రం అంటే సరదా అనుకోవచ్చు, మనకి అంత తేలిక కాదు. కాబట్టి మీ కథలో శక్తి ఎక్కడినుంచి వస్తోంది, దాన్ని ఎవరు ఎవరి మీద వాడుతున్నారు, ఇది మీరు తేల్చుకుని రాయండి. తేల్చుకున్నాక ఆ ఆంటీనే కూర్చోబెట్టి ఒక చాప్టర్ తెలుగులో నోటితో చెప్పండి.

గోదారి_గట్టు:

నేను ఒక గ్రూపులో ఎనిమిది నెలలు ఉండి బయటికొచ్చాను, అది కూడా తెలియాలని రాస్తున్నా. ఏ గ్రూపో చెప్పను.

మనుషులు చెడ్డవాళ్ళు కాదు. కానీ నెమ్మది నెమ్మదిగా నా కథ మారిపోయింది. ముందు పేర్లు పలకడం కష్టంగా ఉంది అన్నారు, మార్చాను. తర్వాత జీలుగు కల్లు తాగే సీను ఉంటే క్రైస్తవ పాఠకులు ఊరుకోరు అన్నారు, తీసేశాను. చివర్లో హీరో ఎక్కడా రక్షణ పొందినట్టు స్పష్టంగా లేదు, ఒక పేజీ రాయి అన్నారు. రాశాను. చదివి చూసుకుంటే ఏడుపొచ్చింది, అది నేను రాసినట్టు లేదు. వాళ్ళు చెప్పినవన్నీ క్రైస్తవ పుస్తకాల షాపుల లెక్క ప్రకారం నిజమే, ఆ షాపులు చాలాకాలం ప్రేమకథలు, చారిత్రక నవలలే పెట్టాయి, మన రకం కథలు తీసుకోలేదు, అందుకే 2008లో మార్చర్ లార్డ్ ప్రెస్ లాంటి ప్రచురణ సంస్థలు ప్రత్యేకంగా పుట్టాల్సి వచ్చింది (ఇప్పుడు దాని పేరు ఎన్‌క్లేవ్), 2013 నుంచి రియల్మ్ మేకర్స్ అని ఏటా ఒక సమావేశం కూడా జరుగుతోంది. కానీ నేను ఆ షాపుల కోసం రాయలేదు, ఆ సంగతి గ్రూపుకి ముందే చెప్పలేదు. తప్పు అక్కడ జరిగింది.

అమెరికన్ రచయిత్రి మెడలీన్ లెంగిల్ సంగతి చూడండి. 1962లో వచ్చిన ఆవిడ నవల ఎ రింకిల్ ఇన్ టైమ్‌ని అంతకుముందు ఇరవైకి పైగా ప్రచురణ సంస్థలు తిప్పి పంపాయి. వచ్చాక 1963లో పిల్లల పుస్తకాలకిచ్చే న్యూబరీ మెడల్ వచ్చింది, అదే పుస్తకాన్ని మంత్రగత్తెల పుస్తకం అని స్కూల్ లైబ్రరీల్లోంచి తీసేయమన్న క్రైస్తవులూ ఉన్నారు, ఇందులో క్రైస్తవం మరీ ఎక్కువైంది అన్నవాళ్ళూ ఉన్నారు. ఇద్దరి కోసం మార్చి ఉంటే ఆ పుస్తకంలో ఏమీ మిగిలేది కాదు.

సిస్టర్, చేరండి, కానీ మొదటి రోజే చెప్పేయండి, ఉప్పు ఉంటుంది, పాకలు ఉంటాయి, పేర్లు ఇవే అని. పలకడం నేర్చుకునేవాళ్ళే మీకు కావాలి.

లైబ్రరీ_మెట్లు:

గోదారి_గట్టు గారు చెప్పింది చదివి మనసు బరువెక్కింది. ఆ పాత డ్రాఫ్ట్ ఉందా అండీ? ఉంటే దాచండి.

ఆక్స్‌ఫర్డ్‌లో ఇంక్లింగ్స్ అని టోల్కీన్, సి.ఎస్. లూయిస్ లాంటి రచయితలు కలుసుకునేవాళ్ళు కదా, గురువారం రాత్రి మాడ్లిన్ కాలేజీలో లూయిస్ గదిలో, మంగళవారం పొద్దున ఈగిల్ అండ్ చైల్డ్ అనే పబ్బులో. సభ్యత్వం లేదు, ఫారం లేదు, ఎవరో ఒకరు రాసింది తెచ్చి పైకి చదవడం, మిగతావాళ్ళు దాన్ని ఉతికి ఆరేయడం. టోల్కీన్, లూయిస్ ఒకరోజు మనకి నచ్చే కథలు ఎవరూ రాయట్లేదు, మనమే రాద్దాం అనుకుని పంచుకున్నారు, లూయిస్‌కి అంతరిక్ష ప్రయాణం, టోల్కీన్‌కి కాల ప్రయాణం. లూయిస్ది 1938లో పుస్తకంగా వచ్చింది. టోల్కీన్ది సగంలో ఆగిపోయింది. కానీ లూయిస్ పుస్తకం బయటికి రావడానికి ప్రచురణకర్తకి ఉత్తరం రాసినవాడు టోల్కీన్, టోల్కీన్ పెద్ద నవల లార్డ్ ఆఫ్ ద రింగ్స్ పూర్తయ్యేదాకా వదలకుండా వెంటపడ్డవాడు లూయిస్. అదే టోల్కీన్‌కి లూయిస్ రాసిన నార్నియా కథలు అస్సలు నచ్చలేదు. ఇద్దరూ క్రైస్తవులే, అయినా కథ దగ్గర ఒకరికి నచ్చింది ఇంకొకరికి నచ్చలేదు. ఆ అభిప్రాయభేదానికి చోటున్న గ్రూపు దొరికితే వదలొద్దు.

మీ దేవుడి పేరు లేని కథ గురించి కూడా భయం అక్కర్లేదు. 1953లో జెసూట్ అనే కేథలిక్ సంఘంలో ఉన్న ఒక స్నేహితుడికి రాసిన ఉత్తరంలో టోల్కీన్ తన నవల మూలంలో మతసంబంధమైనదే, కేథలిక్ రచనే అని రాశాడు. దాంట్లో ఎక్కడా చర్చి కనబడదు.

అమెరికా వాళ్ళకి మన నేల అర్థమవుతుందా అన్నారు. మీ పాత గుంటూరు జిల్లా వినుకొండలో 1895లో పుట్టిన జాషువాని ఒకసారి తీసి చదవండి. క్రైస్తవ ఇంట్లో పెరిగిన మనిషి, 1941లో గబ్బిలాన్ని దూతగా చేసి కాశీలో శివుడి దగ్గరికి పంపాడు, ఎందుకంటే గుడిలోకి ఆ కావ్యంలోని దళిత పేదవాడిని రానివ్వరు, గబ్బిలాన్ని ఎవరూ ఆపరు. తర్వాత క్రీస్తు చరిత్ర రాశాడు, దానికి 1964లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. నాకైతే మన దగ్గర కల్పనకీ విశ్వాసానికీ ఉన్న అసలు దారి అక్కడే మొదలైందనిపిస్తుంది. అంత సొంతమైన బొమ్మ పెడితే ఏ దేశం వాడికైనా అర్థమవుతుంది.

ఆవగింజ:

అందరికీ చాలా థాంక్స్. మీ జవాబులు మూడు రాత్రులు చదువుకున్నాను.

ఆ గ్రూపు నడిపే ఆవిడకి మెయిల్ పెట్టాను. విశ్వాస ప్రకటన నైసీయ ప్రమాణమే. ఇద్దరు కేథలిక్కులు, ఒక ఆర్థొడాక్స్ ఆయన ఉన్నారట. ఒక కాల్ వినడానికి రమ్మన్నారు, విన్నాను. ఒకాయన చాప్టర్ మీద పందొమ్మిదేళ్ళ అమ్మాయి ఒకామె, మీ దేవదూత మాట్లాడినప్పుడల్లా నాకు నిద్రొస్తోంది అని చెప్పింది, ఆయన నోట్ చేసుకుని ఏ వాక్యం దగ్గర అని అడిగారు. అప్పుడే నిర్ణయించేసుకున్నా.

శాంపిల్‌గా పంపింది ఆ ముసలావిడ ఒడ్డున మోకాళ్ళ మీద ఉన్న సీనే. మొదటి రెండు పేజీలు సాగదీశానని, ఆవిడ చేతులకి ఉప్పు కోసిన గాయాల దగ్గర మొదలుపెడితే చాలని ముగ్గురు రాశారు. తీసేయమని ఎవరూ అనలేదు. అంటే లైబ్రరీ వాళ్ళు అన్నదాంట్లో కూడా సగం నిజం ఉంది.

ఆంటీకి ఇంకా చెప్పలేదు, క్రిస్మస్ లోపు చెప్తాను. వచ్చే శనివారం నా మొదటి కాల్. చదవమని రెండు చాప్టర్లు ఇచ్చారు, ఒకటి చంద్రుడి మీద మఠం కథ. రెండో పేజీ మధ్యలో ఒకచోట ఆగిపోయాను, ఎందుకు ఆగానో రాయడానికి ఇప్పుడే కూర్చున్నాను.