తేనెటీగ నాట్యం కూడా భాషేనా? తెలిసినవాళ్లు చెప్పండి

తొమ్మిదో తరగతి పిల్లలకు జంతువుల సంభాషణ గురించి ఒక పీరియడ్ చెప్పాలి. వాటివి ఉత్త అరుపులు, మనదే భాష అని తేల్చేయడం సులువే. కానీ చదివేకొద్దీ ఆ గీత ఎక్కడ గీయాలో అర్థం కావడం లేదు.

కెన్యాలోని అంబొసెలిలో వెర్వెట్ కోతులకు చిరుతకు ఒక అరుపు, గద్దకు ఒకటి, పాముకు మరొకటి ఉన్నాయి. పరిశోధకులు ఆ అరుపుల్ని రికార్డు చేసి, దగ్గర్లో ఏ శత్రువూ లేనప్పుడు వినిపించారు. చిరుత అరుపు వినగానే చెట్లెక్కాయి, గద్ద అరుపుకు ఆకాశం వైపు చూశాయి, పాము అరుపుకు నేలమీద వెతికాయి. 1980లో ప్రచురించారు దీన్ని. అయినా నిన్న వచ్చిన చిరుత గురించి కోతి ఇవాళ చెప్పుకోదు కదా, ఇదే తేడా అందామంటే తేనెటీగ అడ్డొస్తోంది. చీకటి పట్టులో నాట్యం చేస్తూ, ఎక్కడో ఉన్న పూలు సూర్యుడికి ఏ కోణంలో, ఎంత దూరంలో ఉన్నాయో చెప్పేస్తుంది! ఇది తేల్చిన కార్ల్ ఫాన్ ఫ్రిష్‌కు 1973లో నోబెల్ కూడా వచ్చింది.

పోనీ, తేనెటీగ ప్రశ్న అడగలేదు, అబద్ధం ఆడలేదు, కథ కట్టలేదు అని చెబితే శాస్త్రపరంగా సరిపోతుందా? లేక పదాల్ని కలిపి కొత్త వాక్యాలు అల్లడమే అసలు తేడా అనాలా? భాషాశాస్త్రం, జీవశాస్త్రం చదివినవాళ్లు ఎవరైనా కాస్త విడమరిచి చెప్పండి. పిల్లలతో క్లాసులోనే చేయించగల చిన్న ఆట ఏదైనా తోస్తే అదీ రాయండి.