బడిలో టీడీ టీకా: పీహెచ్‌సీ, బడి, ఆశాలు పని ఎలా పంచుకోవాలి?

హైస్కూల్_హెచ్‌ఎం:
మా పదో తరగతికి, పక్క ప్రాథమిక పాఠశాలలో ఐదో తరగతికి టీడీ (ధనుర్వాతం, కంఠసర్పి రాకుండా వేసేది) టీకా వేస్తామని పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) నుంచి కబురొచ్చింది. మొత్తం 120 మంది. జాబితా, అంగీకార పత్రాలు ఎవరి బాధ్యత? పిల్లలు కళ్లు తిరిగి పడిపోతే గోల అవుతుందని తల్లిదండ్రుల కమిటీవాళ్ల భయం.

ఫీల్డ్_సూపర్‌వైజర్:
హెచ్‌ఎం గారూ, ముందు తేదీ తేల్చుకోండి. బుధ, శనివారాలు వద్దు, ఆ రోజుల్లో ఏఎన్‌ఎంలకు ఊళ్లో పసిపిల్లల టీకాలుంటాయి. నులిపురుగుల మాత్రలిచ్చే రోజూ వద్దు. ఎవరికైనా వాంతయితే మాత్ర వల్లో సూది వల్లో తేలదు, ఊరు మాత్రం టీకానే తిడుతుంది.

జాబితా బడే ఇవ్వాలి, కనీసం వారం ముందు: పేరు, పుట్టిన తేదీ, ఇంటి ఫోను. నిజానికి టీడీ 10, 16 ఏళ్లకు వేయాల్సింది. తరగతి చూసి వేయడం మన వీలు కోసం. అందుకే బడి మానేసినవాళ్లు ప్రతిసారీ జారిపోతారు. రిజిస్టర్లో పేరుండి బడికి రానివాళ్ల జాబితా విడిగా రాసి ఆశా చేతికివ్వండి. ఇల్లిల్లూ తెలిసింది ఆమెకే. అంగీకార పత్రాలు మేమిస్తాం. ఇంటికి పంపి సంతకంతో తెప్పించాల్సింది క్లాస్ టీచర్లు.

లెక్క: 120ని వృథా కలిపి 1.11తో గుణిస్తే 133 డోసులు పైచిలుకు. వయల్‌కి (మందు సీసాకి) 10 డోసులు, కాబట్టి 14 వయల్స్. ఒకసారి వాడగానే లాక్ అయిపోయే 0.5 ఎం.ఎల్. ఏడీ సిరంజిలు 134.

కోల్డ్‌చెయిన్_మనిషి:
టీడీకి ఎండకన్నా గడ్డకట్టడమే పెద్ద శత్రువు. ఫ్రీజర్లోంచి తీసిన ఐస్‌ప్యాకుల్ని అలాగే క్యారియర్లో పెట్టేస్తే వయల్స్ పాడైనట్టే. కాసేపు బయట ఉంచి చెవి దగ్గర ఊపండి. లోపల నీళ్లు కదిలిన చప్పుడు రావాలి, అప్పుడే క్యారియర్లో నాలుగు ప్యాకులూ సర్దాలి. వయల్స్ జిప్ కవర్లో, ప్యాకులకు తగలకుండా. వీవీఎం (వయల్ మీద వేడికి రంగు మారే గుర్తు) చూసి ధీమా పడొద్దు: అది వేడినే పట్టిస్తుంది, గడ్డకట్టిన వయల్ మీద కూడా చక్కగా కనిపిస్తుంది. తెరిచిన వయల్ మీద తేదీ, టైము రాయండి. చల్లదనం, శుభ్రత తప్పకపోతే 28 రోజుల దాకా పనికొస్తుంది.

ఆర్‌బీఎస్‌కే_డాక్టర్:
కళ్లు తిరగడం గురించి. పదో తరగతిలోనే ఇది ఎక్కువ. చాలావరకు కారణం ఖాళీ కడుపు, వరండాలో నిలబెట్టిన పొడుగాటి లైను, ముందువాడి చేతిలో దిగుతున్న సూది అనుకోండి. ఒకరు పడితే చూసినవాళ్లు నలుగురు పడతారు. రాగిజావ ఇచ్చాకో, మధ్యాహ్న భోజనం అయ్యాకో మొదలుపెట్టండి. మూడు గదులు కావాలి: కూర్చోబెట్టేది ఒకటి, సూది వేసేది ఒకటి, అరగంట ఆపేది ఒకటి. సూది గది తలుపు వేసి, ఐదుగురేసి పంపండి. భయపడేవాళ్లకు పడుకోబెట్టే వేయండి.

టీచర్లు గుర్తుపెట్టుకోవాల్సిన తేడా: సొమ్మసిల్లినవాడు పాలిపోతాడు, నాడి నెమ్మదిస్తుంది, కాళ్లు ఎత్తి పడుకోబెడితే కాసేపటికి తేరుకుంటాడు. ఒళ్లంతా దద్దుర్లు, ఆయాసం, మొహం వాపు, నాడి వేగం ఉంటే అది అనాఫిలాక్సిస్, అంటే ప్రాణాల మీదికి తెచ్చే అలర్జీ. 108కి ఫోన్ చేయండి గానీ అది వచ్చేదాకా ఆగకూడదు. టీకా వేసే సిబ్బంది 1:1000 అడ్రినలిన్ వెంటనే తొడ కండలోకి వేయాలి. వయసు వారీ మోతాదు కాగితం వాళ్ల అత్యవసర మందుల కిట్‌లోనే ఉంటుంది. అడ్రినలిన్ ఆంపూల్ ఎక్స్‌పైరీ పొద్దున్నే చూడండి, ఎక్కువమంది మరిచేది ఇదే.

హైస్కూల్_హెచ్‌ఎం:
మంచిదండీ. జలుబున్నవాళ్లను ఆపాలా? హాస్టల్ పిల్లల సంతకాల మాటేమిటి?

ఫీల్డ్_సూపర్‌వైజర్:
మామూలు జలుబుకి ఆపక్కర్లేదు. గట్టి జ్వరం ఉంటే తగ్గాక వేస్తాం. ఇంతకుముందు ఇదే టీకాకి తీవ్రమైన అలర్జీ వచ్చినవాళ్లకు మాత్రం వేయం, ఆ సంగతి అంగీకార పత్రంలోనే అడిగి ఉండాలి. హాస్టల్ పిల్లల పత్రాలు తల్లిదండ్రులు చూడ్డానికొచ్చే రోజునే వార్డెన్ చేత తీసిపెట్టించండి, ఆఖరి నిమిషంలో ఫోన్లు కలవవు. వాడిన సిరంజిని హబ్ కట్టర్‌తో (సూదిని కత్తిరించే పరికరంతో) కోసి ఎర్ర సంచిలో వేసి మేమే తీసుకెళ్తాం. బడి చెత్తబుట్టలోకి ఒక్కటీ పోకుండా స్వీపర్‌కి ముందే చెప్పండి. ఆ రోజు రానివాళ్ల పేర్లు సాయంత్రమే ఏఎన్‌ఎంకి అందితే, వచ్చే బుధవారం అంగన్‌వాడీ దగ్గర వేసేస్తారు.