బూర్గుల సంతకం: 1956 విలీనంలో ఆయన బాధ్యత ఎంత?

షాద్‌నగర్ వాసి:
బూర్గుల రామకృష్ణారావు గారి ప్రస్తావన వస్తే మన దగ్గర రెండు వర్గాలు తయారవుతాయి. తెలుగువాళ్లంతా ఒక్కటి కావాలని హైదరాబాద్ రాష్ట్ర ముఖ్యమంత్రి పదవి వదులుకున్న త్యాగి అనేవాళ్లు కొందరు, తెలంగాణను చేతులారా అప్పగించాడనేవాళ్లు కొందరు. నా అభ్యంతరం వేరే. హైదరాబాద్ రాష్ట్రంలోని తెలంగాణను ఆంధ్రతో కలిపే విలీనానికి ఒప్పుకున్నారని నేను ఆయన్ని తప్పుపట్టను. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో, తెలంగాణకు రక్షణలిస్తామని రెండు ప్రాంతాల నాయకులు రాసుకున్న పెద్దమనుషుల ఒప్పందం మీద ఎలాంటి సంతకం పెట్టారో దాన్ని తప్పుపడతాను.

ఆయన మామూలు నాయకుడు కాదు, హైదరాబాద్ హైకోర్టులో పేరున్న వకీలు. పీవీ నరసింహారావు గారు ఆయన దగ్గరే జూనియర్‌గా పనిచేశారు. 1950లో, కేంద్రం నియమించిన వెల్లోడి ప్రభుత్వంలో రెవెన్యూ మంత్రి అయ్యారు. హైదరాబాద్ కౌలుదారీ చట్టం ఆ సంవత్సరమే వచ్చింది, 1954లో ఆయన ముఖ్యమంత్రిగా ఉండగా సవరణలు జరిగాయి. కౌలుదారుకు భూమి యాజమాన్యం ఇచ్చే 38-ఇ సర్టిఫికెట్ ఆ చట్టం కింద వచ్చిందే, అది పట్టుకుని రక్షిత కౌలుదారుల వారసులు ఇవాళ్టికీ కోర్టుకెక్కుతున్నారు. కాగితం మీద హక్కు ఎలా రాస్తే నిలబడుతుందో అంత బాగా తెలిసిన మనిషి, తెలంగాణకిచ్చిన రక్షణలను ఎనిమిది మంది నాయకుల మాటకు ఎలా వదిలేశారు? మంత్రివర్గంలో ఆంధ్రకు 60, తెలంగాణకు 40 శాతం అన్న 60:40 వాటా ఇవ్వలేదని ఎవరైనా ఏ కోర్టుకు వెళ్లగలరు?

కృష్ణాతీరం:
అన్నా, ఆయన చేతిలో ఏముందని? 1955 చివర్లో హైదరాబాద్ అసెంబ్లీలో చర్చ జరిగింది. 174 మంది సభ్యుల్లో 147 మంది అభిప్రాయం చెబితే 103 మంది విశాలాంధ్ర వైపే మాట్లాడారు, వద్దన్నది 29 మంది. 1952 ఎన్నికల్లో తెలంగాణలో చాలా సీట్లు గెలిచిన కమ్యూనిస్టులు విశాలాంధ్ర కోసం గట్టిగా నిలబడ్డారు. సొంత పార్టీ అధిష్ఠానం కూడా అటే మొగ్గింది. అటువంటప్పుడు ఒక ముఖ్యమంత్రి అడ్డం పడితే ఆగేదా? పైగా విలీనమైతే తన కుర్చీ పోతుందని ఆయనకు తెలుసు. తెలిసే ఒప్పుకున్నారు. దాన్ని త్యాగం అనకపోతే ఇంకేమనాలి?

నల్గొండ మాస్టారు:
అంకెలు సరిగ్గానే ఇచ్చావు తమ్ముడూ, కానీ వాటిని విడదీసి చూడాలి. ఆ 103లో మరాఠీ, కన్నడ ప్రాంతాల సభ్యులు కూడా ఉన్నారు. వాళ్ల జిల్లాలు ఎలాగూ బొంబాయికీ మైసూరుకీ పోతున్నాయి. ఒక్క తెలంగాణ సభ్యులనే తీసుకుంటే, 94 మందిలో విలీనానికి అనుకూలం 59, వ్యతిరేకం 25.

రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ మీద వేసిన ఫజల్ అలీ కమిషన్ ఏం చెప్పిందో గుర్తు చేసుకో. హైదరాబాద్‌ను ముందు ప్రత్యేక రాష్ట్రంగా ఉంచండి, 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తర్వాత అక్కడి శాసనసభ మూడింట రెండొంతుల మెజారిటీతో కోరుకుంటే ఆంధ్రతో కలపండి అంది. ఇప్పుడు లెక్కేసుకో. 94లో మూడింట రెండొంతులంటే 63. 59 ఆ గీత దాటదు. ఎన్నికల దాకా ఆగడం అనే మాట అయితే ఎవరికీ గుర్తే లేకుండా పోయింది.

తెలంగాణ జనం భయాన్ని కూడా ఆ కమిషన్ దాచలేదు. చదువుల్లో ముందున్న కోస్తావాళ్లు వస్తే తాము వెనకపడిపోతామన్న ఆందోళన ఉందని రాసింది, ఆంధ్ర రాష్ట్రానికి ఆర్థిక ఇబ్బందులున్నాయనీ రాసింది. బూర్గుల గారికి ఆ భయం కొత్త కాదు. ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలన్న ముల్కీ ఉద్యమం 1952లో ఆయన పాలనలోనే జరిగింది. ఆ సెప్టెంబరులో సిటీ కాలేజీ దగ్గర కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. జస్టిస్ పింగళి జగన్మోహన్ రెడ్డి విచారణ చేశారు. మొదట్లో బూర్గుల గారికి విలీనం ఇష్టం లేదు, జనం వద్దంటున్నారని కాంగ్రెస్ అధ్యక్షుడు ధేబర్‌కు కూడా తెలియజేశారు. తర్వాత మెత్తబడ్డారు. నాకు బాధ కలిగించేది ఆ మెత్తబడటమే.

కోర్టు గుమాస్తా:
షాద్‌నగర్ అన్న వాదనకు నా దగ్గర ఒక అడ్డంకి ఉంది. చట్టం చేస్తే నిలబడేది అంటున్నారు. చేసినవి నిలబడ్డాయా? తెలంగాణలో ప్రభుత్వ ఉద్యోగాలకు ఒప్పందంలో పెట్టిన 12 ఏళ్ల నివాసం షరతు కోసం 1957లో పార్లమెంటు చట్టమే చేసింది. 1969 మార్చిలో సుప్రీంకోర్టు అందులోని తెలంగాణ నిబంధనను కొట్టేసింది. ఆర్టికల్ 16(3) ప్రకారం నివాస షరతు మొత్తం రాష్ట్రానికి పెట్టొచ్చు గానీ రాష్ట్రంలో ఒక భాగానికి పెట్టకూడదంది. ఆ చట్టం వచ్చేనాటికి బూర్గుల గారు కేరళ గవర్నర్. దాని డ్రాఫ్టింగ్ లోపం ఆయన నెత్తిన ఎలా వేస్తాం?

ముఖ్యమంత్రి ఆంధ్ర నుంచి అయితే తెలంగాణకు ఇస్తామన్న ఉపముఖ్యమంత్రి పదవి సంగతీ అంతే. 1956 నవంబరు 1న నీలం సంజీవరెడ్డి గారు ముఖ్యమంత్రి అయ్యాక ఆ పదవి ఇవ్వలేదు. సంతకం పెట్టినవాళ్లలో ఆయన కూడా ఉన్నారు కదా. మాట తప్పినవాళ్లను వదిలేసి, నమ్మినవాణ్ని పట్టుకోవడం న్యాయమా?

తిరువనంతపురం తెలుగు:
కేరళ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. ఇక్కడి పెద్దవాళ్లకు బూర్గుల పేరు 1959తోనే గుర్తు. ఈఎంఎస్ నంబూద్రిపాద్ ప్రభుత్వాన్ని జులై 31న కేంద్రం రద్దు చేసింది గవర్నర్‌గా ఆయన పంపిన నివేదిక మీదే. అసెంబ్లీలో మెజారిటీ ఉన్న ప్రభుత్వమది. ఆ ప్రభుత్వానికి వ్యతిరేకంగా వీధుల్లో విమోచన సమరం ఉధృతంగా ఉంది, జూన్‌లో అంగమాలిలో పోలీసు కాల్పుల్లో ఏడుగురు చనిపోయారు, అది నిజమే. అయినా సభలో బలపరీక్షకు ఎందుకు వదిలిపెట్టలేదు? హైదరాబాద్‌లోనూ తిరువనంతపురంలోనూ నాకు ఒకటే కనిపిస్తుంది. ఢిల్లీ ఒక నిర్ణయానికి వచ్చేసిందని తెలిశాక, తన చదువుతోనూ హోదాతోనూ దాని ముందు నిలబడే ప్రయత్నం ఆయన చేయలేదు.

కృష్ణాతీరం:
కేరళనూ దీన్నీ కలపకండి. గవర్నర్ అంటే ఆ రోజుల్లో కేంద్రం మనిషే. రాష్ట్ర ప్రభుత్వాల రద్దుకు హద్దులు పెట్టిన సుప్రీంకోర్టు బొమ్మై తీర్పు 1994లో వచ్చింది. అప్పటిదాకా ఏ గవర్నర్ ఎదిరించాడు? కోర్టు గుమాస్తా గారి ప్రశ్నకు జవాబు కావాలి నాకు.

షాద్‌నగర్ వాసి:
గుమాస్తా గారూ, మాట తప్పినవాళ్ల తప్పు పెద్దదే. అందులో నాకు రెండో మాట లేదు. కానీ వకీలు పని ఏమిటి? అవతలివాళ్లు మాట తప్పితే ఏం చేయాలో ముందే ఆలోచించి రాయించడం. కక్షిదారు వకీలును పెట్టుకునేదే అందుకు.

1957 చట్టం సంగతి సరే. దానికి ముందు ఏం జరిగిందో చూడండి. ఒప్పందం ఫిబ్రవరి 20న. ఆయన అక్టోబరు 31 దాకా హైదరాబాద్ ముఖ్యమంత్రి. అంటే ఎనిమిది నెలలు. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ బిల్లు, రాష్ట్రాల హద్దులు మార్చే ఆర్టికల్ 3 కింద ఆయన అసెంబ్లీకే అభిప్రాయం కోసం వచ్చింది. ఏడో రాజ్యాంగ సవరణ తయారైంది కూడా ఆ నెలల్లోనే. ఆ సవరణతో ఆర్టికల్ 371లోకి తెలంగాణ ప్రాంతీయ కమిటీ ఎక్కింది. ఒప్పందంలో రీజనల్ కౌన్సిల్ అని రాసుకున్నది శాసనసభ్యుల కమిటీగా మారింది గానీ, ఆ మాత్రమైనా రాజ్యాంగంలో ఉండబట్టే 1958లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది, కమిటీ ఏళ్ల తరబడి పనిచేసింది. ఉపముఖ్యమంత్రి, 60:40 వాటా ఆ ఆర్టికల్‌లోకి ఎక్కలేదు. ఎక్కని ఉపముఖ్యమంత్రి పదవి మొదటి రోజే పోయింది.

హైదరాబాద్ అసెంబ్లీ అభిప్రాయాన్ని ఢిల్లీ అడిగిన ఆ నెలల్లో, ఈ రెండు అంశాలూ 371లో రాస్తేనే నా సభ్యులు ఈ బిల్లుకు ఔనంటారని ఆయన అని ఉండాల్సింది. విలీనం ఆపమని నేను అడగట్లేదు. కృష్ణాతీరం తమ్ముడు చెప్పినట్టు ఆగేది కాదేమో కూడా. కానీ ఈ షరతు పెట్టగల స్థానం ఆయన ఒక్కడిదే. సంతకం చేసిన మిగతా ఏడుగురికీ ఆ అసెంబ్లీ నాయకత్వం లేదు.