అప్‌డేట్: జర్మనీకి రొయ్యల పచ్చడి చేరింది

క్రిస్మస్ సెలవులు స్నేహితులతో గడుపుతున్న మా తమ్ముడికి నెల్లూరు నుంచి పచ్చళ్లు, నెయ్యి పంపొచ్చా అని అడిగాను కదా. అందరికీ థ్యాంక్స్. కస్టమ్స్ వెబ్‌సైట్ చూడమన్న సలహానే పనికొచ్చింది.

యూరోపియన్ యూనియన్‌లోకి మన దేశం నుంచి వెళ్లేవాళ్లు మాంసం, పాల పదార్థాలు తీసుకెళ్లకూడదు. చేపలు, రొయ్యలకి మాత్రం 20 కిలోల దాకా అనుమతి ఉంది. అందుకే అమ్మ కాచిన నెయ్యి, మటన్ పచ్చడి ఆపేశాం. పాపం, అమ్మకి ఆ బాధ ఇంకా పోలేదు. పచ్చి కరివేపాకుకి మొక్కల ఆరోగ్య సర్టిఫికెట్ కావాలట, అదీ మానేశాం. రొయ్యల పచ్చడి మాత్రం అక్కడికి వెళ్తున్న మా కావలి ఊరి కుర్రాడి చెక్-ఇన్ లగేజీలో క్షేమంగా చేరింది.

జర్మనీలో డిసెంబర్ 25, 26 రెండు రోజులూ షాపులు మూసేస్తారు. బియ్యం, కూరగాయలు ముందే కొనిపెట్టుకోమని మీవాళ్లకి చెప్పండి.