ఆయిలు ఎక్కువే పోసినా చేతక్ పిస్టన్ పట్టేసింది, ఎందుకు?

ప్రశ్న (కడప)
అన్నా, మా నాయన 1991లో కొన్న బజాజ్ చేతక్ స్కూటరు, టూ స్ట్రోక్ ఇంజను. ఆరేండ్లు మూలన పడుండె, ఈ మధ్యనే మళ్లీ రోడ్డెక్కించినా. మొన్న రాయచోటి నుంచి వస్తా గువ్వలచెరువు ఘాటు మూడో గేర్లో, యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేసి, బ్రేకు మీదనే దిగినా. కింది మలుపు కాడ మళ్లీ రేజ్ చేయబోతే కీచుమని వెనక చక్రం బిగుసుకుంది. గబుక్కున క్లచ్ పట్టినా కాబట్టి పడలేదు. సిలిండర్ ఊడదీస్తే సైలెన్సర్ వైపు బోరులో (పిస్టన్ ఆడే లోపలి గోడ) నిలువు గీతలు. లీటరు పెట్రోలుకు 20 మి.లీ. ఆయిలు పోయాల్సింది నేను 50 పోస్తున్నా, ఎక్కువైతే ఇంజనుకే మంచిదని ఒక మెకానిక్ చెప్పినాడు. గేరుబాక్సు ఆయిలూ నిండుగా ఉంది. ఇంత ఆయిలుండి ఎట్ల పట్టేసింది?

జవాబు (పాత లేత్ పనివాడు, ప్రొద్దుటూరు)
గేరుబాక్సు ఆయిలు గేర్లకూ క్లచ్చికే నాయనా, పిస్టన్‌కు చుక్క కూడా అందదు. పిస్టన్‌కు అందేది పెట్రోల్లో కలిపిందే. అది కార్బురేటర్ గుండా క్రాంకు గదిలోకి పోతుంది, పెట్రోలు ఆవిరై, ఆయిలు బేరింగులకూ, కనెక్టింగ్ రాడ్డుకూ, బోరు గోడకూ అంటుకుంటుంది. ఆ తర్వాత పైకి పోయి కాలిపోతుంది. ఫోర్ స్ట్రోక్ మాదిరి కింద చేరి మళ్లీ తిరిగేది కాదు. అందుకే నువ్వు యాక్సిలరేటర్ మూసినప్పుడు పెట్రోలుతో పాటే ఆయిలూ తగ్గిపోయింది. ఇంజను మాత్రం చక్రం తిప్పినట్టల్లా తిరుగుతానే ఉంది.

50 మి.లీ. సంగతి ఇంకో తప్పు. కార్బురేటర్ జెట్టులో (పెట్రోలు వచ్చే సన్న రంధ్రం) పట్టేది కొంతే కదా, అందులో ఆయిలు పెరిగితే పెట్రోలు తగ్గుతుంది. గాలికి తగిన పెట్రోలు లేక ఇంజను మరీ వేడెక్కుతుంది. ఎగ్జాస్ట్ పోర్టులో (పొగ బయటికి పోయే దారి), సైలెన్సర్లో కార్బన్ కూడా పట్టి ఉంటుంది, గీకెయ్యి.

జవాబు (అనంతపురం)
బోరింగుకు (సిలిండర్ లోపల కోసి సైజు పెంచేదానికి) ముందు మ్యాగ్నెట్ వైపు ఆయిల్ సీలు, అంటే క్రాంకు గదిలోకి గాలి రాకుండా ఆపే రబ్బరు రింగు, చూడు బ్రదర్. ఇన్నాళ్లు నిలబడిన బండికి రబ్బరు గట్టిపడుంటుంది, అక్కడ గాలి లాగితే ఎంత ఆయిలు కలిపినా వేడి ఆగదు. నేను సీలు మార్చకుండానే బోరింగ్ చేయించి, 200 కిలోమీటర్లు తిరక్కముందే కొత్త పిస్టన్ పోగొట్టుకున్నా. ఇప్పటికీ బాధే.

ప్రశ్న అడిగినవారు
చూసినా అన్నా, సీలు అంచు పగిలింది. గీతలు లోతుగా ఉన్నాయి, బోరు రెండు సైజులు పెంచాలంటున్నారు. చేయించేదా?

జవాబు (పాత లేత్ పనివాడు)
చేయించు. పిస్టన్ ముందే కొనుక్కుని పో, దాన్ని కొలిచే బోరు కొట్టాల. పిస్టన్ మీది బాణం ఎగ్జాస్ట్ పోర్టు వైపు ఉండాల. రింగుల మూతులు గాడిలోని పిన్నుల కాడే కూర్చోవాల, పక్కకు జరిగితే పోర్టుకు తగిలి విరుగుతాయి. పిస్టన్ పిన్నును పట్టుకునే పాత క్లిప్పులు మళ్లీ వాడొద్దు. ఫ్యాను కవరు తీసి సిలిండర్ ఫిన్నుల (గాలికి చల్లబడే రెక్కలు) సందుల్లో మట్టి కడుగు, ఆరేండ్ల మట్టి ఉంటుంది.

ఇకమీద లీటరుకు 20 మి.లీ. టూ టీ (టూ స్ట్రోక్ ఇంజన్లకు చేసిన) ఆయిలే. ఘాటు దిగేటప్పుడు మలుపు మలుపుకూ క్లచ్ పట్టి ఒకసారి రేజ్ చెయ్యి.