థీసిస్ ప్రశ్న: మువాక్, జెడ్ స్కోర్ ఒకే పిల్లల్ని పట్టుకుంటాయా? శాంపుల్, కొలతలు, పాత గ్రేడుల గురించి

ఫస్టియర్_పీజీ:
సీనియర్లకు నమస్తే. ఎండీ పీడియాట్రిక్స్ మొదటి సంవత్సరం. ప్రొటోకాల్ ఇవ్వాల్సిన గడువు దగ్గర పడింది. మా గైడ్ ఇచ్చిన టాపిక్ ఇది: వార్డులో చేరే 6 నుంచి 59 నెలల పిల్లల్లో జబ్బ చుట్టుకొలత (మువాక్) 11.5 సెం.మీ. లోపు ఉండటం, పొడవుకు తగ్గ బరువు −3 జెడ్ (ప్రమాణ మధ్యస్థం కంటే మూడు స్టాండర్డ్ డీవియేషన్లు) కిందకి పోవడం, ఈ రెండూ ఒకే పిల్లల్ని సామ్ (తీవ్ర పోషకాహార లోపం) అని చూపిస్తున్నాయా, వేర్వేరు పిల్లల్నా? మూడు చోట్ల ఆగిపోయాను.

శాంపుల్ సైజు 96 వచ్చింది (50 శాతం, అటూ ఇటూ 10). వరసగా 96 అడ్మిషన్లు తీసుకుంటే చాలా? డిపార్ట్‌మెంట్ లైబ్రరీలోని పాత థీసిసుల్లో అన్నిచోట్లా గ్రేడ్ 1, 2, 3, 4 అనే ఉంది. డిస్కషన్‌లో నా శాతాలను వాటితో పోల్చవచ్చా? కొలతలు నేనూ, ఇద్దరు హౌస్‌సర్జన్లూ తీస్తాం. "స్టాండర్డ్ పద్ధతిలో కొలుస్తాం" అని రాస్తే సరిపోతుందా?

లెక్కల_మాస్టారు:
96 లెక్క సరిగ్గానే వేశారు. ఆ 96 మంది ఎవరన్న దగ్గరే పొరపాటు. 3.84 (1.96 వర్గం) × 0.5 × 0.5 ÷ 0.01 అని వేశారు కదా, ఆ 50 శాతం దేంట్లో శాతం? "జెడ్ స్కోర్ ప్రకారం సామ్ ఉన్నవాళ్లలో ఎంతమందిని మువాక్ పట్టింది" అన్నది మీ ప్రశ్న అయితే, 96 మందీ −3 కింద ఉన్న పిల్లలే కావాలి. జ్వరమనీ ఆయాసమనీ చేరిన ప్రతివాళ్లూ ఆ లెక్కలోకి రారు. అయిదుగురిలో ఒకరు అలాంటివాళ్లు అనుకుంటే 480 మందిని కొలవాలి. కొలత కుదరనివాళ్లకీ, చెప్పకుండా వెళ్లిపోయేవాళ్లకీ 10 శాతం కలుపుకునేటప్పుడు 96ని 1.1తో గుణించకండి, 0.9తో భాగించండి. 107 వస్తుంది, దానికి అయిదింతలు 535. ఈ వయసువాళ్లు నెలకు 60 మంది చేరుతుంటే తొమ్మిది నెలల పని.

ఆ "అయిదుగురిలో ఒకరు" నేను ఉదాహరణకి అన్న మాట. మీ వార్డు రిజిస్టర్‌లో పోయిన మూడు నెలల పేజీలు తిరగేసి అసలు అంకె తీయండి. మధ్యలో మూడు నెలలు జిల్లా రెసిడెన్సీకి పోతారు, థీసిస్ పరీక్షకి ఆరు నెలల ముందే ఇచ్చేయాలి. మీరు లేని మూడు నెలలూ కొలిచేదెవరో ప్రొటోకాల్‌లోనే రాయండి. చాలామంది క్యాలెండర్ ఇక్కడే తలకిందులవుతుంది.

పాత థీసిసుల్లో 4 పీక్యూ బై డీ స్క్వేర్ కనిపిస్తుంది, దానితో వేస్తే 100 వస్తుంది. 1.96ని 2 అనుకున్నారు, అంతే. రిజల్ట్స్‌లో కప్పా విలువ (రెండు పద్ధతులు ఎంత ఏకీభవిస్తున్నాయో చెప్పే అంకె) ఒక్కటే ఇచ్చి ఊరుకోకండి. ఒకదాంట్లో దొరికి రెండోదాంట్లో జారిపోయిన పిల్లల వయసు, పొడవు, ఆడా మగా వివరాలకు విడిగా ఒక టేబుల్ పెట్టండి. చదివేవాళ్లు వెతికేది దానికోసమే.

ఇన్‌ఫాంటోమీటర్:
మూడో ప్రశ్నకి: సరిపోదు. ఎథిక్స్ కమిటీ వదిలేసినా మీ డేటా వదలదు. 75 సెం.మీ. బిడ్డ దగ్గర పొడవులో 1 సెం.మీ. తప్పితే పోల్చాల్సిన బరువు సుమారు 200 గ్రాములు జరుగుతుంది, అంటే దాదాపు 0.3 జెడ్. −2.8 బిడ్డ −3.1 అయిపోతాడు. మీ థీసిస్ మొత్తం ఆ గీత మీదే నడుస్తోంది.

పొడవు: రెండేళ్లలోపు పడుకోబెట్టి, రెండేళ్లు నిండితే నిలబెట్టి. వయసు తేలకపోతే 87 సెం.మీ. దగ్గర గీత గీయండి. రెండేళ్లు దాటినా నిలబడలేని బిడ్డని పడుకోబెట్టి కొలిస్తే 0.7 తీసేయాలి, రెండేళ్లలోపు బిడ్డని నిలబెట్టి కొలిస్తే 0.7 కలపాలి. పడుకోబెట్టి కొలవడం ఒక్కరి వల్ల కాదు. ఒకరు తల వెనక కూర్చుని రెండు చేతులతో చెవుల దగ్గర పట్టుకుని నడినెత్తి బోర్డుకి ఆనేలా ఉంచాలి, బిడ్డ చూపు నిటారుగా పైకి ఉండాలి. రెండోవారు ఒక చేత్తో మోకాళ్లు నొక్కి, రెండో చేత్తో పాదాల పలకని అరికాళ్లకి ఆనించి, 0.1 సెం.మీ. వరకూ చదవాలి. గడ్డం ఛాతీ వైపు వంగినా, మునివేళ్లు మాత్రమే పలకకి తగిలినా ఆ కొలత పనికిరాదు. జడ, క్లిప్పులు, పిలక విప్పించండి.

బరువు: రోజూ పొద్దున 5 కేజీల తూకంరాయి పెట్టి చూసి, వచ్చిన అంకె లాగ్‌బుక్‌లో రాయండి. బట్టలు, డయపర్, కాళ్ల పట్టీలు తీయాలి. మొలతాడు తీయమంటే ఇంట్లోవాళ్లు ఒప్పుకోకపోవచ్చు. దారమైతే వదిలేయండి, వెండిదైతే నోట్ చేయండి. విరేచనాలతో ఎండిపోయి వచ్చిన బిడ్డని క్యాజువాల్టీలో తూచిన బరువుతో జెడ్ స్కోర్ వేయకండి. నీళ్లు ఎక్కాక మళ్లీ తూచి, ఏ బరువు విశ్లేషణకి వాడతారో ముందే రాసిపెట్టండి. డీహైడ్రేషన్‌లో బరువు తగ్గినంతగా జబ్బ తగ్గదు. రెండు పద్ధతుల మధ్య మీరు "తేడా" అని చూపించేది కొంత అక్కణ్ణుంచే పుట్టుకొస్తుంది.

మువాక్: ఎడమ జబ్బ. మోచెయ్యి 90 డిగ్రీలు వంచి, భుజం ఎముక కొన నుంచి మోచేతి మొన దాకా కొలిచి, సగంలో పెన్నుతో గుర్తు. తర్వాత చెయ్యి చాపి వదులుగా వేలాడదీసి టేపు చుట్టాలి. చర్మం నొక్కుకుపోకూడదు, టేపు కింద సందూ ఉండకూడదు. ఎక్కువ తప్పులు జరిగేది మధ్యబిందువు కంటి అంచనాతో పెట్టినప్పుడు, చెయ్యి వంచి ఉండగానే చుట్టినప్పుడు. తాయెత్తు అదే జబ్బకి ఉంటే పైకి జరిపి కొలవండి. ఎడమ చేతికి క్యాన్యులా, స్ప్లింట్ వేయకముందే కొలిచేలా సిస్టర్‌తో మాట్లాడుకోండి.

ఇద్దరు విడివిడిగా, ఒకరి అంకె ఒకరు చూడకుండా కొలవాలి. 2006 డబ్ల్యూహెచ్‌వో ప్రమాణాల కోసం ఆరు దేశాల్లో కొలిచినప్పుడు ఇద్దరి మధ్య ఒప్పుకున్న గరిష్ఠ తేడాలు ఇవి: పొడవుకి 7 మి.మీ., జబ్బకి 5 మి.మీ., బరువుకి 100 గ్రాములు. దాటితే ఇద్దరూ మళ్లీ మొదట్నుంచీ. మొదలెట్టే ముందు మీ ముగ్గురూ పదిమంది పిల్లల్ని రెండేసి సార్లు కొలవండి. తేడాల వర్గాల మొత్తాన్ని 20తో (పిల్లల సంఖ్యకి రెట్టింపు) భాగించి వర్గమూలం తీస్తే అదే టెక్నికల్ ఎర్రర్. పొడవుల్లో తేడాలు 0.3, 0.1, 0.4, 0.2, 0, 0.5, 0.1, 0.3, 0.2, 0.1 అయితే వర్గాల మొత్తం 0.70, ఎర్రర్ 0.19 సెం.మీ. ముగ్గురివీ మెథడ్స్‌లో ఇవ్వండి.

నెలయ్యాక ఒకసారి దశాంశం తర్వాతి అంకెలు లెక్కపెట్టి చూడండి. 0, 5 గుట్టలుగా పడి ఉంటే ఎవరో స్కేలు చదవడం మానేసి అంచనా రాస్తున్నారన్నమాట.

పాత_బైండింగ్:
గ్రేడులతో మీ శాతాలు పోల్చకండి, అవి వేరే కొలబద్ద. 1972 నాటి ఐఏపీ (ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్) వర్గీకరణ వయసుకు తగ్గ బరువు మీద నడుస్తుంది: 71–80 శాతం గ్రేడ్ 1, 61–70 గ్రేడ్ 2, 51–60 గ్రేడ్ 3, ఆ కింద గ్రేడ్ 4. ఆ 100 శాతం అన్నది హార్వర్డ్ ప్రమాణం, అంటే 1930లలో బోస్టన్ పిల్లల కొలతలు. పొట్టిగా ఉండి ఒళ్లు బాగానే ఉన్న బిడ్డా, పొడుగ్గా ఉండి చిక్కిపోయిన బిడ్డా ఇద్దరూ గ్రేడ్ 2లో పడిపోతారు. చిక్కిపోవడం వేరు, కురచబడటం వేరు అని విడదీసి చూపింది వాటర్లో అనే పోషకాహార పరిశోధకుడు, అదీ 1972లోనే. మీది పూర్తిగా ఆ మొదటి దాని గురించి.

11.5 కూడా మొదట్నుంచీ ఉన్నది కాదు. 2009లో డబ్ల్యూహెచ్‌వో, యునిసెఫ్ కలిసి 11.0ని 11.5కి పెంచాయి. అంతకుముందు పేపర్లలో మువాక్‌తో దొరికిన సామ్ పిల్లలు తక్కువ కనిపిస్తే కారణం అదే కావచ్చు, ఏ కటాఫ్ వాడారో చూడకుండా పట్టికలో ఎక్కించకండి. పాత థీసిస్‌లో ముడి బరువులు, పొడవులు, వయసులు మాస్టర్‌చార్ట్‌లో (ఒక్కో బిడ్డ వివరాల పట్టికలో) ఉంటే మాత్రం అదృష్టం. వాటిని డబ్ల్యూహెచ్‌వో వారి ఆంత్రో సాఫ్ట్‌వేర్‌లో వేసి 2006 ప్రమాణాలతో మళ్లీ లెక్కించి పోల్చవచ్చు.

పనిలో పనిగా: ఇంట్రడక్షన్‌లో "క్వాషియార్కర్ (ఒళ్లు వాచే పోషకాహార లోపం) అంటే ప్రొటీన్ లోపం" అని రాసేయకండి. 1933లో గోల్డ్‌కోస్ట్ (ఇప్పటి ఘానా) నుంచి డాక్టర్ సిసిలీ విలియమ్స్ రాసిన పేపర్ నుంచి ఆ ఊహ పెరిగింది. 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాద్‌కి మారిన మన ఎన్‌ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ)లో గోపాలన్ బృందం పిల్లల్ని ముందునుంచీ గమనిస్తూ వస్తే, వాపు వచ్చినవాళ్ల తిండికీ, వాపు లేకుండా చిక్కిపోయినవాళ్ల తిండికీ తేడా కనపడలేదు. ఆయన 1968లో రాసింది చదివితే, సామ్‌ని నిర్వచించేటప్పుడు వాపుని విడిగా ఎందుకు పెడతారో అర్థమవుతుంది.

ఫస్టియర్_పీజీ:
చాలా థ్యాంక్స్ సార్, మేడమ్. ఇంకొక్కటి: రెండు పాదాలకీ వాపు ఉన్న బిడ్డని లెక్కలో ఉంచాలా, తీసేయాలా? ఈ వయసుకి అసెంట్ ఫారం (బిడ్డ తానుగా ఇచ్చే ఒప్పుకోలు) కూడా కావాలా?

ఇన్‌ఫాంటోమీటర్:
వాపు ఉంటే నీటి బరువు కలుస్తుంది కాబట్టి జెడ్ స్కోర్‌కి అర్థం లేదు. మీ పోలికలోంచి తీసేయండి, కానీ సామ్ మొత్తం లెక్కలో ఉంచండి, ఎంతమందో ఒక వాక్యంలో చెప్పండి. ఆంత్రోలో వాపు గడిలో "ఉంది" అని కొట్టడం మర్చిపోవద్దు. బొటనవేలితో మూడు సెకన్లు నొక్కితే రెండు పాదాలకీ గుంట నిలవాలి, ఒక పాదానికే అయితే అది ఈ వాపు కాదు.

అసెంట్ ఏడేళ్ల నుంచి, మీకు అక్కర్లేదు. అమ్మానాన్నల్లో ఒకరి సమ్మతి చాలు. చదువు రానివాళ్లయితే వేలిముద్రతో పాటు మీ టీమ్‌లో లేని సాక్షి సంతకం కావాలి. సమ్మతి పత్రం తెలుగు మాత్రం "మానవమితీయ కొలమానములు" లాంటి భాషలో రాయించకండి. "మీ బిడ్డ బరువు, పొడవు, జబ్బ చుట్టూ కొలుస్తాం, సూదులు ఉండవు, వద్దన్నా వైద్యం ఆగదు" అంటే తల్లికి తెలుస్తుంది.