పేజ్‌మేకర్‌లో కొట్టించిన పాత తెలుగు పుస్తకాలని యూనికోడ్‌లోకి తెచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

తెనాలి_చినబాబు
అందరికీ నమస్కారం. మా నాన్నగారు టీచరుగా చేసి రిటైరయ్యారు, మా చుట్టుపక్కల ఊళ్ల చరిత్ర, గుళ్లలో శాసనాలు, చెరువుల పేర్లు ఇలాంటివన్నీ ఊరూరూ తిరిగి రాసుకుని సొంత డబ్బులతో మూడు పుస్తకాలు వేయించారు. డీటీపీ చేసినాయన అప్పట్లో సీడీలో ఫైళ్లు ఇచ్చాడు, అన్నీ పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లో చేసిన పీఎండీ ఫైళ్లే. నా దగ్గర పేజ్‌మేకర్ లేదు, ఫ్రెండ్ సిస్టంలో తెరిస్తే తెలుగు బదులు డాలర్ గుర్తులు, నెత్తి మీద చుక్కలున్న ఇంగ్లిష్ అక్షరాలు కనపడుతున్నాయి. పీడీఎఫ్ ఉంది, చూడ్డానికి తెలుగు బ్రహ్మాండంగా ఉంటుంది కానీ కాపీ చేసి పేస్ట్ చేస్తే మళ్లీ అదే గందరగోళం, దాంట్లో ఊరి పేరు కొట్టి వెతికితే ఒక్కటీ దొరకదు. నాన్నగారు ఉండగానే ఇవి నెట్‌లో నలుగురికీ దొరికేలా పెట్టాలని నా కోరిక. మొత్తం మళ్లీ కొట్టించడం తప్ప దారి లేదా?

బెజవాడ_డీటీపీ
దారి ఉంది బాబూ, కంగారు పడకు. ముందు అసలు సంగతి చెప్తా, అది తెలిస్తే మిగతాది తేలిక. మీ ఫైల్లో ఉన్నది తెలుగు కాదు. పాత డీటీపీ ఫాంట్లలో 256 గడులు మాత్రమే ఉండేవి, ఆ గడుల్లో ఇంగ్లిష్ అక్షరాలుండే చోట మన తలకట్టు, గుడి, కొమ్ము, వత్తులు ముక్కలు ముక్కలుగా కూర్చోబెట్టారు. మనం ఒక అక్షరం కొడితే లోపల రెండు మూడు ఇంగ్లిష్ గుర్తులు పడతాయి, పైన ఫాంటు వాటిని తెలుగులా చూపిస్తుంది. ఫాంటు తీసేస్తే మిగిలేది ఆ గుర్తులే, మీకు కనపడిందీ అవే.

ఇది ఎవరో బుద్ధి లేక చేసిన పని అనుకోకండి. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, అదే ఆఖరుది, దానికి యూనికోడ్ (ప్రతి భాషలో ప్రతి అక్షరానికీ సొంత నంబరిచ్చే పద్ధతి) తెలీదు. ప్రింటింగ్ ప్రెస్సులన్నీ దాని మీదే నడిచేవి. ఇన్‌డిజైన్‌లో (పేజ్‌మేకర్ స్థానంలోకి వచ్చిన సాఫ్ట్‌వేర్) తెలుగు వత్తులు సరిగ్గా కూర్చోడం సీఎస్6 వెర్షన్‌తో, అంటే 2012లో వచ్చింది. అప్పటిదాకా పెళ్లి కార్డు దగ్గర్నుంచి పంచాంగం దాకా అను అనే ఈ పాతరకం ఫాంట్లే మాకు దిక్కు. ఇప్పటికీ హెడ్డింగులకి ఆ అందం వేరే ఫాంట్లలో నాకు దొరకదు. మా చేతులు వాటికి వాడే యాపిల్ అనే కీబోర్డ్ లేఅవుట్‌కి అలవాటు పడిపోయాయి, చూడకుండా కొట్టేస్తాం.

ఓరుగల్లు_స్వాతి
చినబాబు గారూ, నేను మా తాత కథలు గిట్లనే మార్చిన, మీకు చెప్తా. పేజ్‌మేకర్ కొనే పని లేదు, లిబ్రె ఆఫీస్ ఫ్రీగా దొరుకుతది, దాంట్ల డ్రా అనే ప్రోగ్రాంతోని పీఎండీ తెరుసుకుంటది. 2015ల వచ్చిన 4.4 వెర్షన్ నుంచి ఉంది ఈ సౌకర్యం. పేజీ పొందిక కొంచెం అటూఇటూ అయితది, మనకి కావాల్సింది టెక్స్ట్ గదా. ఆ టెక్స్ట్ తీస్కొని పాత ఫాంటు గుర్తులని యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్‌ల వేయాలె. నెట్ల చాలానే ఉన్నయి, కానీ మీ ఫైలు ఏ ఫాంటుతోని, ఏ వెర్షన్‌తోని కొట్టిన్రో ముందు చూస్కోండి, ఎందుకంటే ఒక్కో ఫాంటుకి గడులు ఒక్కో తీరుగ ఉంటయి, ఏ గడికి ఏ అక్షరమో చెప్పే పటం తప్పుగ ఎంచుకుంటే సగం అక్షరాలు మంచిగొచ్చి సగం ఖరాబ్ అయితయి, అది ఇంకా డేంజర్, పైపైన చూస్తే తెల్వదు.

ఇంకో ముఖ్యమైన ముచ్చట. పుస్తకంల ఇంగ్లిష్ మాటలుంటే వాటిని కూడా కన్వర్టర్ తెలుగు అనుకొని మార్చి పడేస్తది. లోపల రెండూ అవే గుర్తులాయె, దానికెట్ల తెలుస్తది. అందుకే ఉత్త టెక్స్ట్‌గా కాకుండా ఫాంటు పేరు కూడా వెంట వచ్చేటట్టు ఆర్‌టీఎఫ్ అనే ఫైలు రకంల తీస్కొని, తెలుగు ఫాంటు ఉన్న ముక్కలని మాత్రమే మార్చుకోవాలె.

డల్లాస్_శ్రీను
ఈ చర్చ చూస్తే పాత రోజులు గుర్తొచ్చాయి. ఒకప్పుడు తెలుగు న్యూస్ సైట్లు ఒక్కోటి ఒక్కో సొంత ఫాంటు పెట్టుకునేవి, ఆ ఫాంటు దించుకోకపోతే పేపర్ చదవలేం. నాగార్జున వెన్న గారు ఫైర్‌ఫాక్స్‌కి పద్మ అని ఒక ఎక్స్‌టెన్షన్ చేశారు, అది పెట్టుకుంటే ఆ పేజీలన్నీ అప్పటికప్పుడే యూనికోడ్‌లోకి మారి కనపడేవి. అమెరికాలో కూర్చుని ఇంటి పేపరు చదువుకున్నామంటే దాని పుణ్యమే. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు రావడం, దేశికాచారి గారి పోతన, వేమన ఫాంట్లు, ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే వీవెన్ గారి లేఖిని, ఇవన్నీ కొద్ది ఏళ్ల తేడాలో వచ్చి తెలుగు బ్లాగులకి ఊపిరి పోశాయి. ఇందులో చాలా మటుకు ఎవరో ఒకరు ఉద్యోగం చేసుకుంటూ రాత్రిళ్లు కూర్చుని ఊరికే చేసిపెట్టిన పనులు. వాళ్ల పేర్లు ఇప్పటి పిల్లలకి తెలియాలి.

నోకియా ఫోన్లో తెలుగు డబ్బాలు డబ్బాలుగా వస్తే ఒపెరా మినీ బ్రౌజర్‌లో అడ్రస్ దగ్గర కాన్ఫిగ్ అని కొట్టి బిట్‌మ్యాప్ ఫాంట్స్ ఆన్ చేసుకునేవాళ్లం, ఎంతమందికి గుర్తుంది?

మంగళగిరి_మధు
నాకు గుర్తుంది అన్నా! సర్వర్ నుంచి అక్షరాలు బొమ్మల్లా వచ్చేవి, డేటా ఎక్కువ తినేది, అయినా తెలుగు కనపడిందని అదే సంబరం.

శబ్దంతో_చదువుతా
నాకు చూపు లేదు, కంప్యూటర్‌లో ఏది చదవాలన్నా తెర మీదున్నది పైకి చదివే స్క్రీన్ రీడర్‌తోనే. అందుకే ఈ విషయం మీద నాలుగు మాటలు గట్టిగా చెప్పాలనుంది. మీకు ఆ పీడీఎఫ్‌లో తెలుగు బ్రహ్మాండంగా కనపడుతోంది, నాకు మాత్రం అది డాలర్, ప్లస్, కామా, ఇ అని వినపడుతుంది. మామూలు వాళ్లకి వెతకడం కుదరకపోవడం ఇబ్బంది, మాకైతే పుస్తకమే లేనట్టు లెక్క. అదే యూనికోడ్‌లో ఉంటే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్, ఈస్పీక్ అనే గొంతు రెండూ ఉచితమే, తెలుగు చదివేస్తాయి, గొంతు కొంచెం మరలాగా ఉంటుంది కానీ అలవాటైపోతుంది. నేను గవర్నమెంటు పరీక్షలకి చదివేటప్పుడు మంచి మెటీరియల్ ఉందని ఎవరు పంపినా ముందు నా ప్రశ్న ఒకటే, అది యూనికోడా కాదా. కాదంటే ఇంట్లో ఎవరో ఒకరు పక్కన కూర్చుని చదివి పెట్టాలి.

ఇప్పటికీ ఆఫీసుల్లో సర్క్యులర్లు పాత ఫాంట్లతోనే కొట్టి పీడీఎఫ్ చేసి పెడుతున్నారు. అది ఆపాలి. అందం కోసం పాత ఫాంటు కావాలనుకునేవాళ్లు అట్టకి, పెళ్లి కార్డుకి వాడుకోండి, చదవాల్సిన టెక్స్ట్‌కి వద్దు.

బెజవాడ_డీటీపీ
అమ్మా/అయ్యా, మీరు చెప్పింది నాకు బాగా తగిలింది. డీటీపీ వాళ్లం ఎప్పుడూ కాగితం మీద ఎలా పడుతుందనే చూస్తాం. లోపలి పేజీలకి నేను ఈమధ్య మండలి, సురన్న ఫాంట్లు వాడుతున్నా, సిలికానాంధ్ర సంస్థ వాళ్లు ఉచితంగా ఇచ్చినవి, గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతాయి, బావున్నాయి కూడా. కొత్తగా మొదలుపెట్టే ఆపరేటర్లకి ఒక మాట, ఇన్‌డిజైన్‌లో పేరాగ్రాఫ్ మెనూలో వరల్డ్ రెడీ కంపోజర్ పెట్టుకోకపోతే వత్తులు విడిపోయి కింద సున్నాలు చుట్టినట్టు వస్తాయి, దాంతో యూనికోడే బాలేదని వదిలేస్తున్నారు చాలామంది.

తెనాలి_చినబాబు
అందరికీ చాలా చాలా థ్యాంక్స్. స్వాతి గారు చెప్పినట్టు లిబ్రె ఆఫీస్‌లో తెరిచి ఒక అధ్యాయం మార్చి చూశా, చాలా వరకు తెలుగు వచ్చేసింది, నాన్నగారికి చూపిస్తే ఫోన్‌లో పెద్ద అక్షరాలు చేసుకుని చదువుకున్నారు. కానీ కొన్ని తేడాలున్నాయి. ప్రభుత్వం అని ఉండాల్సిన చోట ముందు ఒక బ్రాకెట్ వచ్చి "[పభుత్వం" అని పడుతోంది, ప్రజలు, ప్రాంతం అన్నీ అంతే. ఇంకోటి, గైడు, పైరు లాంటి మాటలు కంటికి కరెక్ట్‌గానే ఉన్నాయి కానీ వెతికితే దొరకట్లేదు. ఇదేంటో అంతు పట్టలేదు.

ఓరుగల్లు_స్వాతి
ఆ బ్రాకెట్టు ర వత్తు. పాత ఫాంట్లల క్రావడి, అంటే ఆ ర వత్తు, అక్షరానికి ఎడమ పక్క నుంచి చుట్టుకొని వస్తది గదా, అందుకని దాన్ని ముందు కొట్టి తర్వాత ప కొట్టేటోళ్లు. యూనికోడ్‌ల ముందు ప, తర్వాత పొల్లు, తర్వాత ర రావాలె. మంచి కన్వర్టర్ ఈ వరుస మారుస్తది, మీరు వాడింది మారుస్తలేదు. బ్రాకెట్ తర్వాత వచ్చే హల్లుని పట్టుకొని దాని వెనక ర వత్తు చేర్చేటట్టు ఫైండ్ రీప్లేస్‌ల రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (ఒక తీరుగ ఉన్న అక్షరాలన్నిటినీ పట్టే సూత్రం) పెట్టుకోండి, మొత్తం పుస్తకం ఒక్క దెబ్బకి సాఫ్ అయితది. ఆ హల్లుకి గుణింతం ఉంటే ర వత్తు గుణింతానికి ముందు పడాలె, అది మర్చిపోవద్దు.

రెండోది ఐత్వం సంగతి. యూనికోడ్‌ల ఐత్వానికి ఒకటే గుర్తు ఉంది, కానీ ఎత్వం పెట్టి దాని కింద ఐత్వపు తోక వేరేగ పెట్టినా కంటికి అదే బొమ్మ కనపడతది. పాత ఫాంట్లల రెండు ముక్కలుంటయి కాబట్టి కన్వర్టర్ రెండు ముక్కలుగనే ఇస్తది. మీరు వెతికేటప్పుడు కీబోర్డుతోని కొట్టేది ఒక్క గుర్తు, పుస్తకంల ఉన్నది రెండు. ఎన్‌ఎఫ్‌సీ నార్మలైజేషన్ అని ఉంటది, పైథాన్ ప్రోగ్రామింగ్‌ల ఒక్క లైను, అది నడిపిస్తే రెండూ కలిసి ఒకటైతయి.

ఇంకా రెండు చూస్కోండి. సున్న బదులు అంకె సున్నా కొట్టి ఉంటరు, "అ0దరు" అని, చూస్తే ఏం తేడా తెల్వదు. విసర్గ బదులు కోలన్ కొట్టి ఉంటరు, "దు:ఖం" అని. రెండు తెలుగు అక్షరాల నడుమ ఇవి కనపడితే మార్చేయొచ్చు. శాసనాల పుస్తకం అంటున్నరు గదా, శక సంవత్సరాలు, అంకెలు ఉంటయి, వాటి జోలికి పోకుండా చూస్కోవాలె.

సీమ_మాస్టారు
ఫైళ్లు పోగొట్టుకున్నోళ్ల కోసం చెప్తాండా. మా కాడ పుస్తకం ఉండాది కానీ సీడీ గీతలు పడి చదవకుండా పాయ. ఒక్కో పేజీ స్కాన్ చేసి గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, గూగుల్ డాక్స్‌తో తెరిస్తే బొమ్మలోని తెలుగంతా టెక్స్ట్‌గా వచ్చేస్తాది. అచ్చు శుభ్రంగా ఉంటే శానా బాగొస్తాది. థ, ధ తేడా మాత్రం కంటితో చూసుకోవల్ల. రెండు కాలమ్‌లు ఉండే పేజీ అయితే నడిమికి కత్తిరించి విడిగా పెట్టండి, లేకపోతే ఈ వరసా ఆ వరసా కలిసిపోతాయి.

బీటెక్_ఫైనలియర్
అన్నలూ ఒక డౌట్, అసలు ఈ కీబోర్డులన్నీ ఎందుకు, ఫోన్లో గూగుల్ వాళ్ల జీబోర్డ్‌లో మైక్ నొక్కి చదివేస్తే అయిపోదా? తెలుగు వాయిస్ టైపింగ్ 2017 నుంచే ఉంది కదా.

డల్లాస్_శ్రీను
మామూలు మాటలకి బానే వస్తుంది తమ్ముడూ, నేనూ వాట్సాప్‌కి అదే వాడతా. ఊరి పేర్లు, శాసనంలో భాష, పాత కొలతలు వచ్చేసరికి దానికి తెలిసిన మాటగా మార్చేస్తుంది, దానికన్నా ప్రమాదం లేదు. రాసే అలవాటున్నవాళ్లు ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డ్ అమరిక నేర్చుకోండి అంటా నేను. అచ్చులు ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి వస్తాయి, విండోస్, లినక్స్ అన్నిట్లో ముందే ఉంటుంది. పైగా హిందీకీ కన్నడానికీ కూడా అదే అమరిక.

మంగళగిరి_మధు
ఇంకో సందేహం. సాఫ్ట్‌వేర్ లాంటి మాటల్లో ట కింద వ వత్తు పడకుండా మధ్యలో ఒక కనపడని అక్షరం పెడతారు కదా, దాని వల్ల ఫోన్లు ఆగిపోతాయని అప్పట్లో పెద్ద గోల అయింది, పుస్తకంలో పెట్టొచ్చా?

ఓరుగల్లు_స్వాతి
నిర్భయంగ పెట్టుకోండి. ఆ గోల 2018 ఫిబ్రవరిది. జ కింద ఞ వత్తు, తర్వాత ఆ కనపడని అక్షరం, తర్వాత దీర్ఘం, ఈ వరుస వస్తే ఐఫోన్ల ఐఓఎస్ 11లో యాప్‌లు కూలిపోయేవి. అదే నెలలో 11.2.6 అప్‌డేట్‌తోని సరి చేసిన్రు. తప్పంతా అక్షరాలని బొమ్మగ పేర్చే ప్రోగ్రాందే. అప్పుడు ప్రపంచమంతా మన అక్షరాన్ని బాంబు లెక్క మాట్లాడింది, నాకు చాలా బాధైంది.

శబ్దంతో_చదువుతా
చినబాబు గారూ, పుస్తకం తయారయ్యాక ఉచిత పుస్తకాల సైటు తెలుగు వికీసోర్స్‌లో పెట్టండి. హక్కులు నాన్నగారివే కాబట్టి ఆయనే ఉచిత లైసెన్సుతో విడుదల చేస్తున్నట్టు మెయిల్ ఇస్తే చాలు, ఎలా రాయాలో అక్కడి వాళ్లు చెప్తారు. సొంత బ్లాగు అయితే డొమైన్ డబ్బు కట్టడం మర్చిపోయిన రోజున పోతుంది.

తెనాలి_చినబాబు
నాన్నగారిని అడిగా, సంతోషంగా ఒప్పుకున్నారు. మొదటి పుస్తకం దిద్దడం మొదలుపెట్టాం, ఆయన ప్రింటు పుస్తకం పట్టుకుని చదువుతుంటే నేను స్క్రీన్ మీద చూసుకుంటున్నా. స్వాతి గారూ, ఆ క్రావడి సరిచేసే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ మీ దగ్గర రెడీగా ఉంటే ఇక్కడ పెట్టగలరా, గుణింతం దగ్గర నాది ఇంకా తప్పుతోంది.

ఓరుగల్లు_స్వాతి
పొద్దుగాల ఆఫీసుకి పోకముందే పెడ్త. మీ ఫైల్ల నుంచి ఒక పేజీ కన్వర్ట్ చేయకముందుది, చేసినంక వచ్చింది, రెండూ పంపుండ్రి, మీ ఫాంటుకి సరిపోయేటట్టు చూసి ఇస్త.